అన్నిటికీ ‘వెరీ’ అనకండి: ప్రిటీ, వే, కైండా ఎలా వాడాలంటే

మధురవాడ ఐటీ కంపెనీలకు ఇంటర్వ్యూకెళ్లే మన పిల్లలకు గ్రామర్ బాగానే వస్తుంది, కానీ వేడికీ వెరీ, రుచికీ వెరీ, అలసటకీ వెరీ, ఇంకో మాటే నోట్లోంచి రాదు. ఎంత అన్నది చెప్పడానికి మాట్లాడే ఇంగ్లిష్‌లో చిన్న చిన్న మాటలు చాలానే ఉన్నాయి.

ముందు ‘ప్రిటీ’. ఇక్కడ అందంతో పనిలేదు. ‘ఇట్స్ ప్రిటీ హాట్’ అంటే ఎండ బాగానే కాస్తోందని, ‘వెరీ హాట్’ అనేంత కాదు. దీని ముందు ‘నాట్’ పెట్టరు. అంత బాగోలేదనాలంటే ‘నాట్ దట్ గుడ్’ అనండి.

ఎక్కువమంది తప్పేది పోల్చేటప్పుడు. అరకు కంటే వైజాగ్‌లో వేడి చాలా ఎక్కువ అనడానికి ‘వెరీ హాటర్’ అనేస్తారు, అది తప్పు. ‘మచ్ హాటర్’ లేదా ‘ఎ లాట్ హాటర్’ అనాలి, ఫ్రెండ్స్‌తో అయితే ‘వే హాటర్’. ఈ ‘వే’ని ‘టూ’ ముందు కూడా పెట్టొచ్చు: ఆర్కే బీచ్ నుంచి రుషికొండకు ఆటోవాడు చెప్పిన రేటు మరీ ఎక్కువనిపిస్తే ‘దట్స్ వే టూ మచ్’.

‘టూ’తో మాత్రం చాలా జాగ్రత్త. బిర్యానీ ‘టూ గుడ్’ అంటే మనలో మనకి అర్థమైపోతుంది, బయటివాళ్లు కూడా మెచ్చుకోడానికి ఒక్కోసారి అంటారు, కానీ మామూలుగా ‘టూ’ అంటే హద్దు దాటి ఇబ్బంది పెడుతోందని. ‘టూ స్పైసీ’ అన్నారంటే కారం తట్టుకోలేకపోతున్నారని వండినవాళ్లు బాధపడతారు. కారంగా ఉన్నా నచ్చితే ‘రియల్లీ స్పైసీ’ అని నవ్వుతూ చెప్పండి, చాలు.

‘ఎ బిట్’ అంటే కొంచెం, ఎక్కువగా నచ్చనివాటికే వాడతారు. ‘ఎ బిట్ ఎక్స్‌పెన్సివ్’ అంటారు, ‘ఎ బిట్ నైస్’ అనరు.

‘కైండా’ అంటే కైండ్ ఆఫ్, కొంచెం అలాంటిదే అని. ‘ఐయామ్ కైండా టైర్డ్’ అనొచ్చు, క్రియ ముందూ వస్తుంది: ‘ఐ కైండా లైక్ ఇట్’. ఆఫీసు మెయిల్లో రాయకండి, ఇంటర్వ్యూలో అసలొద్దు, మీకే నమ్మకం లేనట్టు వినిపిస్తుంది. ‘వే’, ‘సూపర్ టైర్డ్’లో లాంటి ‘సూపర్’ కూడా అక్కడ వద్దు, ‘రియల్లీ’, ‘ప్రిటీ’ పర్వాలేదు.

‘ఫ్రీజింగ్’, ‘డెలిషస్’ లాంటి మాటల్లో ‘చాలా’ ముందే ఉంది, వాటికి మళ్లీ ‘వెరీ’ తగిలించొద్దు. డిసెంబర్‌లో లంబసింగి చలి గురించి చెప్పాలంటే ‘అబ్సల్యూట్లీ ఫ్రీజింగ్’.

ఇక ‘క్వైట్ గుడ్’. బ్రిటన్‌వాళ్లు అంటే సాధారణంగా పర్వాలేదని, అమెరికావాళ్లు అంటే చాలా బాగుందని, కాబట్టి మీ పనిని ఎవరైనా అలా మెచ్చుకుంటే ఆ మనిషి ఏ దేశమో చూసుకుని సంతోషించండి.