అమెరికా స్కూల్లో పిల్లల్ని ఈఎస్ఎల్‌లో వేస్తామన్నారా? కంగారు పడకుండా ఏం చేయాలంటే

జూలై, ఆగస్టు వచ్చిందంటే మన వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకే ప్రశ్న తిరుగుతుంటుంది: "స్కూల్ ఫారంలో ఇంట్లో మాట్లాడే భాష ఏదని అడుగుతున్నారు, ఏం రాయాలి?" వెంటనే నలుగురు సలహా ఇచ్చేస్తారు, "ఇంగ్లీష్ అని రాసేయండి, తెలుగు అని రాశారో, పిల్లాణ్ణి ఈఎస్ఎల్‌లో పడేస్తారు" అని. ఈఎస్ఎల్ అంటే ఇంగ్లీష్ ఇంకా సరిగ్గా రాని పిల్లలకి స్కూల్లో విడిగా ఇంగ్లీష్ నేర్పే ఏర్పాటు. దయచేసి ఆ మాట వినకండి. ఇంట్లో మాట్లాడేది తెలుగైతే తెలుగు అనే రాయండి.

ఆ ఫారం పేరు హోమ్ లాంగ్వేజ్ సర్వే. పిల్లకి మొదట వచ్చిన భాష ఏది, ఇంట్లో ఎక్కువగా ఏది మాట్లాడుతుంది, పెద్దవాళ్ళు తనతో ఏ భాషలో మాట్లాడతారు, ఇలా మూడు నాలుగు ప్రశ్నలుంటాయి. జవాబుల్లో ఇంగ్లీష్ కాని భాష కనిపిస్తే ఒక పరీక్ష పెడతారు. కాలిఫోర్నియాలో దాన్ని ఇనిషియల్ ఎల్పాక్ అంటారు, న్యూజెర్సీ, వర్జీనియా, జార్జియా, నార్త్ కరోలినా లాంటి చాలా రాష్ట్రాల్లో విడా స్క్రీనర్, టెక్సస్‌కీ న్యూయార్క్‌కీ వేరే పద్ధతులున్నాయి. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం ఎలా ఉన్నాయో చూస్తారు. పిల్లకి ఇంగ్లీష్ సరిపడా వస్తే అక్కడితో సరి, మామూలు క్లాసుకే పంపుతారు. రాకపోతే సాయం ఇస్తారు. తెలుగు అని రాసినందుకు ఎవర్నీ ఎక్కడా పడేయరు. కానీ ఇంగ్లీష్ అని రాశారనుకోండి, అసలు పరీక్షే ఉండదు, అప్పుడు క్లాసులో సగం మాటలు అర్థంకాక బిత్తరచూపులు చూసే పిల్లని టీచర్ శ్రద్ధ లేని పిల్ల అనుకోవచ్చు, ఇంకా ముందుకెళ్ళి నేర్చుకోవడంలోనే ఏదో ఇబ్బంది ఉందనీ అనుకోవచ్చు. ఆ నష్టం చాలా పెద్దది.

ఈ సాయం స్కూలు దయతో ఇచ్చేది కాదు, మీ పిల్లల హక్కు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీష్ రాని చైనీస్ పిల్లల తరఫున వేసిన లౌ వర్సెస్ నికోల్స్ కేసులో 1974లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు ఇచ్చినంత మాత్రాన సమానంగా చదువు చెప్పినట్టు కాదు, భాష రాని పిల్లకి ఆ భాష అందేలా చేయాల్సిన బాధ్యత స్కూలుదే అని. ఈఎస్ఎల్, ఈఎల్ఎల్, ఈఎల్‌డీ, పేరు ఏదైనా వీటన్నిటి వెనకా ఉన్నది ఆ బాధ్యతే.

"మా వాడు నర్సరీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే కదా"

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చిన తల్లిదండ్రులకి ఎక్కువ బాధ కలిగించేది ఇదే. అంత ఫీజులు కట్టి ఇంగ్లీష్ మీడియంలో చదివిస్తే ఇక్కడికొచ్చాక ఇంగ్లీష్ రాదంటారా అని. ఇందులో అవమానం ఏమీ లేదు. మన దగ్గర పిల్లలు పాఠం చదివి, ప్రశ్నకి జవాబు చూసుకుని, నేర్చుకుని రాస్తారు. ఇక్కడ మూడో క్లాసు పిల్లని కూడా "ఈ లెక్క ఎలా చేశావో, ఎందుకలా అనుకున్నావో చెప్పు" అంటారు, నలుగురితో కూర్చోబెట్టి చర్చించమంటారు, టీచర్ గబగబా మాట్లాడేస్తుంది. చదవడం బాగా వచ్చిన పిల్లలు కూడా వినడంలో, మాట్లాడటంలో తడబడేది ఇందుకే.

స్కూలు తెరిచేలోపు ఇంట్లోనే చెప్పగలిగినవి కొన్నున్నాయి. రబ్బర్ అనకూడదు, ఎరేజర్ అనాలి (ఇది ముఖ్యంగా మిడిల్ స్కూల్ పిల్లలకి ముందే చెప్పండి, అక్కడ రబ్బర్ అంటే వేరే అర్థం, నవ్వుల పాలవుతారు). ఫుల్‌స్టాప్‌ని పీరియడ్ అంటారు, జెడ్‌ని జీ అంటారు, తేదీలో నెల ముందు రాస్తారు. "ఐ హావ్ ఎ డౌట్" అంటే టీచర్ చెప్పింది నమ్మట్లేదన్నట్టు వినిపిస్తుంది, "ఐ హావ్ ఎ క్వశ్చన్" అనాలి. లక్షలూ కోట్లూ బదులు మిలియన్లు, సెంటీమీటర్ల బదులు అంగుళాలు, సెల్సియస్ బదులు ఫారెన్‌హీట్. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోయే పని, కానీ మొదటి వారం టెన్షన్ సగం తగ్గుతుంది.

లెటర్ వచ్చాక

పిల్లని ప్రోగ్రామ్‌లో పెడుతున్నట్టు స్కూలు మీకు లెటర్ పంపాలి, స్కూలు సంవత్సరం మొదలైన 30 రోజుల్లోపు. ఏ స్థాయిలో ఉంది, ఎలాంటి సాయం ఇస్తారు, ఎప్పుడు బయటికి రావచ్చు అన్నీ అందులో ఉంటాయి. వద్దనే హక్కు కూడా మీకుంది. అయితే వద్దన్నా రికార్డుల్లో ఈఎల్ (ఇంగ్లీష్ లెర్నర్, అంటే ఇంగ్లీష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్ల) అన్న పేరు పోదు, ఏటా పరీక్ష రాయాల్సిందే, కాబట్టి సాయం వదులుకుని పరీక్ష మాత్రం మిగుల్చుకున్నట్టవుతుంది. గట్టి కారణం లేకపోతే వద్దనకండి.

వద్దనే బదులు టీచర్ని కలిసి వివరాలు అడగండి. పిల్లని క్లాసులోంచి బయటికి తీసుకెళ్ళి చెబుతారా, లేక ఈఎస్ఎల్ టీచరే క్లాసులోకి వచ్చి పక్కన కూర్చుంటారా? బయటికి తీసుకెళితే ఏ సబ్జెక్ట్ టైంలో? ఇది తప్పనిసరిగా అడగండి, ఎందుకంటే రోజూ సైన్స్ టైంలో పంపేస్తే ఇంగ్లీష్ వచ్చేసరికి సైన్స్ వెనకబడుతుంది. పరీక్షల్లో అదనపు సమయం ఇస్తారా అని కూడా అడగండి. మీకే ఇంగ్లీష్‌లో మాట్లాడటం ఇబ్బందైతే తెలుగు దుబాసీ కావాలని ముందే చెప్పండి, ఏర్పాటు చేయాల్సింది స్కూలే, డబ్బు తీసుకోరు. అమ్మమ్మో నానమ్మో మీటింగ్‌కి వెళితే పిల్లనే మధ్యలో పెట్టి మాటలు చెప్పించకండి, తన గురించి చెడుగా ఉన్నది తనే చెప్పాల్సి రావడం ఏ పిల్లకైనా కష్టం.

ఈఎల్ అయినంత మాత్రాన గిఫ్టెడ్ ప్రోగ్రామ్ (చురుకైన పిల్లలకి ఇచ్చే ప్రత్యేక చదువు) తలుపులు మూసుకుపోవు. ఈఎల్ అన్న కారణంతో ఆపడానికి వీల్లేదు, కాబట్టి లెక్కల్లో చురుకైన పిల్ల ఉంటే ధైర్యంగా అడగండి.

ఇంట్లో తెలుగు ఆపకండి

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇది. ఈఎస్ఎల్ అనగానే చాలామంది ఇంట్లో తెలుగు బంద్ చేసేస్తారు, "ఇకనుంచి అందరం ఇంగ్లీషే" అని. అప్పటిదాకా అమ్మతో గలగలా మాట్లాడిన పిల్ల నోరు మూసుకుంటుంది, తాతయ్యకి ఏం చెప్పాలో తెలీదు, ఇంట్లో మాటలు "ఈట్, కమ్, గో" దగ్గర ఆగిపోతాయి. జిమ్ కమిన్స్ అనే భాషా పరిశోధకుడు 1979 నుంచీ చెబుతున్న విషయం ఒకటుంది: ఆటల్లో, కబుర్లలో వాడే ఇంగ్లీష్ రెండేళ్ళలోపు వచ్చేస్తుంది, పాఠాలకి కావాల్సిన ఇంగ్లీష్‌కి మాత్రం సుమారు 5 నుంచి 7 ఏళ్ళు పడుతుంది, ఒక భాషలో గట్టిగా అర్థమైన విషయం రెండో భాషలోకి తేలిగ్గా వస్తుంది. కిరణజన్య సంయోగక్రియ ఏమిటో తెలుగులో తెలిసిన పిల్లకి ఇంగ్లీష్‌లో కొత్తగా నేర్చుకోవాల్సింది పేరొక్కటే.

దీన్ని హోంవర్క్‌లో ఎలా వాడాలో చూడండి. రెండో క్లాసులో ఇలాంటి లెక్క వస్తుంది: "మియా హాడ్ సమ్ స్టిక్కర్స్. షి గేవ్ 8 టు లియో. షి హాజ్ 7 లెఫ్ట్. హౌ మెనీ డిడ్ షి హావ్ ఎట్ ఫస్ట్?" మన పిల్లకి లెఫ్ట్ అంటే ఎడమ చెయ్యి. లేదా "గేవ్" కనబడింది కదా అని 8 లోంచి 7 తీసేసి 1 అని రాస్తుంది. లెక్క రాక కాదు, కథ అర్థంకాక. మీరు ఇంగ్లీష్‌లోనే మళ్ళీ మళ్ళీ చదివి వినిపిస్తే ఉపయోగం లేదు. "మియా దగ్గర కొన్ని స్టిక్కర్లుండేవి రా, ఎన్నో తెలీదు. లియోకి 8 ఇచ్చేసింది. ఇంకా 7 మిగిలాయి. మరి మొదట ఎన్నుండాలి?" అని తెలుగులో కథ చెప్పండి, 15 అని వెంటనే చెబుతుంది. తర్వాత ఇంగ్లీష్ వాక్యం మీద వేలుపెట్టి, మిగిలాయి అన్నది ఎక్కడుందో తననే వెతకమనండి. చివరికి జవాబు ఇంగ్లీష్‌లో పూర్తి వాక్యంగా చెప్పించండి. పావుగంట పని. సైన్స్‌కి, సోషల్‌కి కూడా ఇంతే, రేపు ఏ పాఠమో తెలిస్తే ముందురోజు రాత్రి అన్నం తింటూ దాని గురించి తెలుగులో మాట్లాడండి.

కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు కొన్ని నెలల పాటు క్లాసులో నోరే విప్పరు. అది మామూలే, లోపల వింటూ పోగేసుకుంటుంటారు. "ఇంగ్లీష్‌లో మాట్లాడు, మాట్లాడు" అని అందరి ముందూ వెంటపడకండి. అయితే తెలుగులో కూడా మాటలు సరిగ్గా రాకపోతే, చెప్పింది గుర్తుండకపోతే, అది భాష సమస్య కాకపోవచ్చు. అప్పుడు స్పెషల్ ఎడ్యుకేషన్ (నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకి ఇచ్చే ప్రత్యేక సాయం) కోసం పరీక్ష చేయమని రాతపూర్వకంగా అడగండి, సాధ్యమైనంత వరకు పిల్ల భాషలోనే చేయాలని చట్టం ఉంది. "ముందు ఇంగ్లీష్ రానివ్వండి, తర్వాత చూద్దాం" అంటే ఒప్పుకోకండి.

బయటికి రావడం

జనవరి నుంచి మే మధ్యలో, రాష్ట్రాన్ని బట్టి, ఏటా ఒక పరీక్ష ఉంటుంది. బాగా మాట్లాడే పిల్లలు కూడా ఇందులో ఒక చోట దెబ్బతింటారు: హెడ్‌సెట్ పెట్టుకుని కంప్యూటర్‌తో మాట్లాడాల్సి వచ్చినప్పుడు ముక్తసరిగా "ఎస్", "ద డాగ్" అని ఊరుకుంటారు. మార్కులు పడేది వివరంగా చెప్పినదానికి. అందుకని పరీక్షకి ముందు ఫోన్‌లో ఏదైనా బొమ్మ చూపించి, రికార్డు నొక్కి, "ఏం జరుగుతోంది, ఎందుకనుకుంటున్నావు" అని రెండు మూడు వాక్యాలు చెప్పించి, తిరిగి తనకే వినిపించండి. విడా, ఎల్పాక్ సైట్లలో నమూనా ప్రశ్నలు ఉచితంగా దొరుకుతాయి.

బయటికి రావడానికి ఎంత స్కోరు కావాలో రాష్ట్రానికో రకంగా ఉంటుంది, మీ స్కూల్లోనే అడగండి. కాలిఫోర్నియాలో స్కోరుతో పాటు టీచర్ అంచనా, తల్లిదండ్రుల అభిప్రాయం కూడా చూస్తారు, కాబట్టి పిలిచినప్పుడు తప్పకుండా వెళ్ళండి. బయటికి వచ్చాక కూడా కనీసం రెండేళ్ళు, కొన్నిచోట్ల నాలుగేళ్ళు స్కూలు గమనిస్తుండాలి, మార్కులు పడిపోతే మళ్ళీ సాయం అడగొచ్చు.

ఆ స్కోరు రిపోర్టులు, బయటికి వచ్చినట్టు ఇచ్చిన లెటర్, అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ప్రాజెక్ట్ మారి ఇంకో ఊరు వెళితే కొత్త స్కూలు ఆఫీసులో మొదటి రోజే కాపీలు ఇవ్వండి, పాత స్కూలు నుంచి రికార్డులు వచ్చేదాకా పిల్లని మళ్ళీ పరీక్షకి కూర్చోబెట్టకుండా ఉండటానికి అవి పనికొస్తాయి.