పాత .45 పిస్టల్‌కి డబ్బు కట్టేముందు ఐదు నిమిషాల పరీక్ష

చవగ్గా దొరికిందని పాత .45 ఏసీపీ (తూటా రకం పేరు) పిస్టల్ కొంటే, మిగిలిన డబ్బు రిపేర్లకే పోతుంటుంది. 1911 అనే పాత మోడల్ తరహాదైతే ముందే ఇవి చూసుకోండి.

మొదట మ్యాగజీన్ (తూటాల పెట్టె) తీసి, స్లైడ్ (పైన జరిగే భాగం) వెనక్కి లాగి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితో చూసి వేలితో తడిమి నిర్ధారించుకోండి. అమ్మేవారిని అడిగి బ్యారెల్ విప్పించి వెలుతురుకు ఎత్తి పట్టండి. లోపల నల్లటి ఉంగరంలా నీడ కనిపిస్తే బ్యారెల్ ఉబ్బినట్టే, ఎంత తక్కువకిచ్చినా వద్దు.

మళ్లీ బిగించాక చాంబర్ ఇంకోసారి చూసి, హ్యామర్ (వెనకనున్న సుత్తి) ఎక్కించి సేఫ్టీ వేయండి. ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదిలేయండి. ఇప్పుడు సేఫ్టీ తీస్తే హ్యామర్ కదలకూడదు. పడిందంటే లోపలి భాగాలు అరిగాయి, లేదా ఎవరో తెలియక ఆకురాయితో అరగదీశారు. అది ప్రమాదం. గ్రిప్ సేఫ్టీ (పిడి వెనకుండే మీట) నొక్కకుండా ట్రిగ్గర్ లాగినా హ్యామర్ పడకూడదు.

తూటా ఇరుక్కుంటుందని చెబితే మాత్రం బెదరక్కర్లేదు. చాలాసార్లు తప్పు మ్యాగజీన్ అంచులదో, నీరసించిన రికాయిల్ స్ప్రింగ్‌దో (స్లైడ్‌ను తిరిగి ముందుకు నెట్టేది) అయి ఉంటుంది. రెండూ మార్చడం తేలిక. ఐదంగుళాల బ్యారెల్‌కు 16 పౌండ్ల స్ప్రింగ్ సరిపోతుంది. పొట్టి మోడళ్లకు అది పనికిరాదు. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి.

ఒక్క జాగ్రత్త: ఖాళీ పిస్టల్ మీద ఫీడింగ్ (తూటాలు చాంబర్‌లోకి సరిగ్గా ఎక్కడం) సంగతి పూర్తిగా తేలదు. పాత ఫీడ్ ర్యాంపులు (తూటా చాంబర్‌లోకి జారే వాలు) 230 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) గుండ్రటి ముక్కు బుల్లెట్‌కు మలిచినవి. హాలో పాయింట్లు (ముక్కున గుంట ఉన్న బుల్లెట్లు) వాడే ఉద్దేశముంటే రేంజ్‌లో అవే కనీసం 50 కాల్చి చూశాకే బేరం ముగించండి.