మళ్లీ గాడిలో పడదాం – 2వ పాఠం: మొదటి ముడి

సెలవుల తర్వాత హోమ్‌స్కూలింగ్‌ను, అంటే పిల్లల్ని ఇంట్లోనే చదివించే పద్ధతిని, మళ్లీ గాడిలో పెట్టే పాఠాలివి. పోయిన పాఠంలో పిల్లలు లేచే వేళ ఒక్కదాన్నే పట్టుకున్నాం. రెండు మూడు రోజులకోసారి పదిహేను నిమిషాలు ముందుకు జరపడం, లేవగానే కర్టెన్లు తీసి వెలుతురు మొహాన పడనివ్వడం. తొమ్మిదింటికి లేచే పిల్లలు ఏడున్నరకు రావాలంటే ఆరు మెట్లు, అంటే రెండు వారాలకు అటూ ఇటూ. మీరింకా మూడో మెట్టు మీదే ఉన్నా ఫరవాలేదు, ఈ పాఠం మొదలుపెట్టేయండి. పడుకునే వేళ కూడా అదే లెక్కన జరుగుతోందో లేదో మాత్రం చూసుకోండి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. అది తగ్గితే ఏ పుస్తకం తెరిచినా ఏడుపే.

ఇప్పుడు హోమ్‌స్కూలింగ్ చదువును, ఇంట్లో ఎలాగూ రోజూ జరిగే ఒక పనికి ముడివేద్దాం.

ఒకసారి పెద్ద సెలవు తర్వాత నేను చేసిన నిర్వాకం చెబుతాను. అర్ధరాత్రి దాకా కూర్చుని పదకొండు గళ్ల టైమ్‌టేబుల్ గీశాను, ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో రంగు. ఫ్రిజ్‌కి అంటించాను. మొదటి రోజే లెక్కలు పావుగంట ఆలస్యం. దాంతో భాష, దాంతో సైన్సు. మధ్యాహ్నానికి నేను రైల్వే స్టేషన్ మైకులా ఆలస్యాలు చదువుతున్నాను. మూడో రోజు మా చిన్నది ఆ కాగితం పీకి వెనకవైపు ఏనుగు బొమ్మ వేసుకుంది. ఏనుగు బాగానే కుదిరింది.

గడియారంతో చిక్కేమిటంటే, తొమ్మిది దాటగానే ‘ఇవాళ్టికి పోయిందిలే’ అనిపిస్తుంది. అదే ‘టిఫిన్ అవగానే’ అనుకుంటే, టిఫిన్ ఎప్పుడైతే అప్పుడే మొదలు.

ముడివేసే పని రోజూ జరిగేదై ఉండాలి, ఎక్కడ అయిపోయిందో అందరికీ తెలియాలి. స్నానం చాలా ఇళ్లలో పనికిరాదు. ఒకరి తర్వాత ఒకరు వెళ్తారు, ముందు వచ్చినవాడు ఈలోగా బొమ్మల్లో మునుగుతాడు. టీవీ అసలే వద్దు, దాని ముందు నుంచి నవ్వుతూ లేచిన పిల్లల్ని నేను చూడలేదు. టిఫిన్ ప్లేటు సింకులో పడ్డ చప్పుడే మా ఇంట్లో బడిగంట.

ముందు రోజు రాత్రే బల్ల మీద పుస్తకం, చెక్కిన పెన్సిళ్లు రెండు, రబ్బరు పెట్టేయండి. రబ్బరు వెతకడానికి లేచిన పిల్లవాడు అరగంటకు గానీ తిరిగి రాడు. పుస్తకం ఆగినచోట తెరవకండి. భాగహారం మధ్యలో సెలవులు వచ్చాయనుకోండి, నేరుగా అక్కడికే వెళ్తే మొదటి లెక్కకే వాడు బిక్కమొహం వేస్తాడు, ‘అన్నీ మర్చిపోయావా?’ అని మన నోరు జారుతుంది. ఇరవై పేజీలు వెనక్కి వెళ్లండి. తడుముకోకుండా వచ్చే లెక్కలు ఐదు చాలు. పదిహేను నిమిషాలకు ఆపేయండి. వాడు హుషారుగా ఉన్నాడు కదా అని సైన్సు కూడా కానిచ్చేద్దామనిపిస్తుంది. వద్దు. ప్లేటు తర్వాత కుర్చీ, ఈ వారానికి అంతే.

ఎన్నాళ్లకు అలవాటవుతుందని అడుగుతారు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2009లో వెలువరించిన అధ్యయనంలో 96 మంది పెద్దవాళ్లు తలా ఒక కొత్త పనిని, ఇలాగే రోజూ జరిగే సందర్భానికి జతచేసి చూశారు. అది దానంతటది జరిగిపోయే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులైతే, కొందరి లెక్క 254 దాకా వెళ్లింది. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదని కూడా అందులోనే తేలింది. కాబట్టి జ్వరమొచ్చిన రోజు టెన్షన్ పడకండి.

టీనేజీ పిల్లలుంటే ముడి వాళ్లనే ఎంచుకోనివ్వండి, మనం చెబితే అడ్డం తిరుగుతారు. మరీ చిన్నవాళ్లకు అక్క పక్కన కుర్చీ, రంగు పెన్సిళ్లు ఇస్తే చాలు.

ఈ వారం అభ్యాసం: కాగితం మీద ఏడు గళ్లు గీయండి, రంగులొద్దు. ప్లేటు తర్వాత కుర్చీలో కూర్చున్న రోజు టిక్కు పెట్టండి. ఎన్ని లెక్కలు చేశారో రాయకండి. ఐదు టిక్కులొస్తే 3వ పాఠంలో రెండో ముడి వేద్దాం. నాలుగే వస్తే ఇదే పాఠం ఇంకో వారం.