పరిశోధనలో చేరిన మొదటి నెలలో చక్కబెట్టుకోవలసిన పనులు

ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధనా విశ్వవిద్యాలయం బయటికి ఒకే సంస్థగా కనిపించినా, పరిశోధక విద్యార్థి పనులు మాత్రం నాలుగైదు వేర్వేరు కార్యాలయాల మధ్య తిరుగుతుంటాయి. రిజిస్ట్రేషను, గడువులు ఒకరి చేతిలో ఉంటాయి. బోధన పనులను డిపార్ట్‌మెంటు కేటాయిస్తుంది. ఫెలోషిప్పు బిల్లులు ఆర్థిక విభాగంలో కదులుతాయి, ఆరోగ్యం, కౌన్సెలింగు, వైకల్య సహాయం విద్యార్థి సంక్షేమ విభాగం కిందికి వస్తాయి. ఒక చోట తెలిసిన సంగతి పక్క చోట తెలియకపోవడం మామూలే. సహాయం ఉండి కూడా ఏ గదిలో అడగాలో సకాలంలో తెలియక నష్టపోయేవారిని చూస్తే బాధ కలుగుతుంది. అందుకే అవసరం రాకముందే, అంటే చేరిన మొదటి నెలలోనే, ఈ వివరాలన్నీ తెలుసుకోవాలి.

మొదట చేయవలసింది, మీరు చేరిన సంవత్సరానికి వర్తించే పరిశోధన నిబంధనావళిని తెచ్చుకొని ఆసాంతం చదవడం. సీనియర్లు చెప్పేది వారి కాలపు నిబంధన కావచ్చు. మధ్యలో సవరణ జరిగి ఉంటే మీకు ఏది వర్తిస్తుందో కార్యాలయాన్ని అడిగి, జవాబును లిఖితపూర్వకంగా తీసుకోండి. కోర్సువర్కు ఎప్పటిలోగా పూర్తి కావాలి, అర్హత పరీక్షను ఎన్నిసార్లు రాయవచ్చు, థీసిస్ సమర్పించడానికి గరిష్ఠ గడువు ఎంత, పొడిగింపు ఎవరు ఇస్తారు, దీర్ఘకాలిక సెలవు పెడితే ఆ కాలం గడువులో కలుస్తుందా లేదా అన్న ప్రశ్నలకు జవాబులను ఒకే కాగితం మీద తేదీలతో సహా రాసి, కళ్లెదుట ఉంచుకోండి.

గైడ్ ఎంపిక విషయంలో తొందర అస్సలు పనికిరాదు, ఎందుకంటే రాబోయే కొన్నేళ్ల పని తీరు ఈ ఒక్క నిర్ణయం మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఆచార్యుల ప్రచురణలను చూడడంతో ఆగకుండా, వారి దగ్గర ఇప్పుడు పనిచేస్తున్న వారితోనూ, పూర్తిచేసి వెళ్లినవారితోనూ, వీలైతే మధ్యలో మానేసినవారితోనూ విడివిడిగా మాట్లాడండి. అధ్యాయం ఇచ్చాక ఎన్ని రోజుల్లో చదివి తిరిగి ఇస్తారు, ఎంత తరచుగా కలుస్తారు, ప్రాజెక్టు నిధులు మధ్యలో ఆగిపోయినప్పుడు విద్యార్థి సంగతి ఏం చేశారు అని అడగండి. మాట్లాడడానికి విద్యార్థులు జంకుతున్నారంటే దాన్ని కూడా ఒక సమాధానంగానే తీసుకోవాలని నా అభిప్రాయం. చేరిన తరువాత, ప్రతి సమావేశం ముగిసిన రోజే అక్కడ అనుకున్న పనులను, తేదీలను నాలుగు వాక్యాల్లో రాసి గైడ్‌కు మెయిల్ చేయండి. ఇందులో అపనమ్మకం ఏమీ లేదు. ఇద్దరి జ్ఞాపకం ఒకేలా ఉండడానికి ఇది ఉపయోగపడుతుంది, తరువాత అభిప్రాయభేదం వస్తే ఆధారంగానూ నిలుస్తుంది. పరిశోధన పత్రంలో రచయితల పేర్ల వరుస గురించి కూడా పని మొదలుపెట్టేటప్పుడే మాట్లాడుకోవాలి. ఎవరు ఏ పని చేశారో చెప్పడానికి అనేక పరిశోధన పత్రికలు వాడే ‘క్రెడిట్’ వర్గీకరణలో 14 రకాల పాత్రలు ఉన్నాయి. వాటిని ముందు పెట్టుకొని మాట్లాడితే సంభాషణ వ్యక్తుల మీదికి పోకుండా పని మీద నిలుస్తుంది. ఇంతా చేసి పొసగకపోతే, గైడ్‌ను మార్చుకోవడానికి, సహ గైడ్‌ను చేర్చుకోవడానికి నిబంధనల్లో మార్గం ఉందేమో చూడండి. డిపార్ట్‌మెంటులోని పరిశోధన సమన్వయకర్తను కలిస్తే ఆ దారి తెలుస్తుంది.

డబ్బు విషయంలో, ఆ మొత్తం ఎంత అన్నదానికన్నా అది ఎక్కడి నుంచి వస్తుందన్నది ముఖ్యం. ఫెలోషిప్పు సాధారణంగా విద్యార్థి పేరు మీద వస్తుంది. పరిశోధన సహాయకుడి వేతనం గైడ్ తెచ్చిన ప్రాజెక్టు మీద ఆధారపడుతుంది కనుక, ప్రాజెక్టు ముగిస్తే అదీ ఆగిపోవచ్చు. బోధన సహాయకుడి పని డిపార్ట్‌మెంటు అవసరాన్ని బట్టి ఉంటుంది. సంవత్సరంలో ఎన్ని నెలలు చెల్లిస్తారు, ట్యూషన్ రుసుము మాఫీ అయినా విడిగా కట్టవలసిన ఇతర రుసుములు ఏవి, వారానికి ఎన్ని గంటలు పనిచేయాలి అన్నవి అంగీకార పత్రంలో ఉన్నాయో లేదో చూసుకోండి. మొదటి చెల్లింపు ఆలస్యం కావడం అరుదేమీ కాదు. అత్యవసర సహాయ నిధి ఉందా, దరఖాస్తు ఎవరికి ఇవ్వాలి అన్నది ముందే కనుక్కుంటే, ఆ సమయంలో అప్పు కోసం వెతుక్కునే పరిస్థితి తప్పవచ్చు.

లైబ్రరీకి వెళ్లినప్పుడు మీ విషయానికి కేటాయించిన లైబ్రేరియన్ ఎవరో అడిగి ఒక గంట కూర్చోండి. దొరకని పుస్తకాన్ని వేరే లైబ్రరీ నుంచి తెప్పించుకోవడం, డేటాను భద్రపరచుకోవడం వారే నేర్పుతారు. ఉల్లేఖనాలను కూర్చుకోవడానికి ఉచితంగా దొరికే ‘జొటేరో’ సాఫ్ట్‌వేర్‌ను మొదటి రోజు నుంచే వాడండి, అది 2006లో ఒక ప్రభుత్వ పరిశోధనా విశ్వవిద్యాలయంలోనే, అమెరికాలోని జార్జ్ మేసన్‌లో, పుట్టింది. మనుషుల నుంచి సమాచారం సేకరించే పరిశోధనైతే, విశ్వవిద్యాలయ నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి వచ్చేదాకా ఒక్క ఇంటర్వ్యూ కూడా మొదలుపెట్టవద్దు. సేకరణ అయిపోయాక వెనక తేదీతో ఆ అనుమతి రాదు, అప్పటిదాకా పడిన శ్రమ వృథా కావచ్చు.

ఆరోగ్యం సంగతిని ‘తరువాత చూద్దాం’ అనుకోవద్దని ప్రత్యేకంగా చెప్పదలచుకున్నాను. 2018లో ‘నేచర్ బయోటెక్నాలజీ’ పత్రికలో వచ్చిన ఒక సర్వేలో 26 దేశాలకు చెందిన 2,279 మంది పాల్గొన్నారు, వారిలో అత్యధికులు పీహెచ్‌డీ విద్యార్థులు. సుమారు 41 శాతం మందిలో ఒక మోస్తరు నుంచి తీవ్ర స్థాయి ఆందోళన కనిపించింది. ఇష్టపడి జవాబిచ్చినవారి లెక్క కనుక దీన్ని అందరికీ వర్తింపజేయలేం. అయినా, నిద్ర పట్టక పుస్తకం ముందు కూర్చుండిపోయే విద్యార్థి, ఆ స్థితి తనకొక్కరికే వచ్చిందని కుమిలిపోనక్కరలేదని ఇది చెబుతుంది. కౌన్సెలింగ్ కేంద్రంలో ఎన్ని సమావేశాలు ఇస్తారు, గోప్యతకు మినహాయింపులు ఏవి, ఆ తరువాత ఎవరి దగ్గరికి పంపిస్తారు అని ముందే అడగండి. వైకల్యం గానీ దీర్ఘకాలిక అనారోగ్యం గానీ ఉన్నవారు చేరిన వెంటనే నమోదు చేసుకోవాలి, ఎందుకంటే సాధారణంగా సౌకర్యాలు నమోదైన నాటి నుంచే వర్తిస్తాయి.

వివాదం తలెత్తినప్పుడు ఓంబుడ్స్ కార్యాలయానికి, ఫిర్యాదుల సంఘానికి తేడా తెలిసి ఉండాలి. మొదటిది చాలాచోట్ల మీ మాటను గోప్యంగా విని, ఉన్న దారులను వివరిస్తుంది, తీర్పు చెప్పదు. అక్కడ మాట్లాడినంత మాత్రాన ఫిర్యాదు నమోదైనట్లు కాదు, ఈలోగా ఫిర్యాదుకు ఉన్న గడువు దాటిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఆ గడువు ఏ తేదీన ముగుస్తుందో మొదటి భేటీలోనే అడగండి.

ఏ కార్యాలయానికి రాసినా ఉత్తరం క్లుప్తంగా ఉండాలి. ఏం జరిగింది, ఏ నిబంధన కింద అడుగుతున్నారు, ఏ తేదీలోగా ఏం కావాలి అన్నవి చెప్పి, ఆధారాలు జతచేస్తే చాలు. థీసిస్ గడువు పొడిగింపే తీసుకోండి. ‘ఆరోగ్య కారణాల వల్ల ఆలస్యమైంది, దయచేసి గడువు ఇవ్వగలరు’ అని చివరి వారంలో రాస్తే అధికారి చేయగలిగింది తక్కువ. ‘అయిదు అధ్యాయాల్లో మూడింటిని గైడ్ ఆమోదించారు, నాలుగో అధ్యాయం చిత్తుప్రతి సిద్ధంగా ఉంది, శస్త్రచికిత్స వల్ల మూడు నెలలు పని ఆగింది, వైద్య పత్రం జతచేశాను, ఆరు నెలల గడువు కోరుతున్నాను, నెలవారీ ప్రణాళిక ఇది’ అని ఒక సెమిస్టరు ముందే రాస్తే, గైడ్ సంతకం చేయడానికీ, సంఘం ఆమోదించడానికీ కావలసినదంతా ఆ ఒక్క కాగితంలోనే ఉంటుంది.