పాత జపాన్ రోబో బొమ్మలు: కనిపించే లక్షణం, అసలు కారణం, చేయాల్సిన పని

జపాన్‌లో ఎవరింటి అటక మీదో నలభై, యాభై ఏళ్లు చెక్కుచెదరకుండా ఉన్న బొమ్మ మన చేతికొచ్చిన వారంలోనే పాడవడం నేను చాలాసార్లు చూశాను. వయసు వల్ల పాడైనవి తక్కువే. తప్పుడు వైద్యం వల్ల పాడైనవే ఎక్కువ. అందుకే ఏ సమస్య కనబడినా ముందు ఆ బొమ్మ దేంతో చేశారో తేల్చుకోండి.

1974లో పోపీ కంపెనీ ‘చోగోకిన్’ అనే లోహ బొమ్మల వరుసలో తెచ్చిన మజింగర్ జెడ్ రోబోను అరచేతిలో పెట్టుకోగానే బరువు తెలుస్తుంది. అది జింక్ మిశ్రమంతో పోత పోసిన బొమ్మ. అంతకు ముందు ఏడాది అదే కంపెనీ తెచ్చిన జంబో మషిండర్ ఇంచుమించు 60 సెంటీమీటర్లున్నా తేలిగ్గా ఉంటుంది. షాంపూ బాటిళ్లు చేసే పాలిథిలిన్ లాంటిదే అది. టకారా వాళ్ల డయాక్లోన్ బొమ్మల్లో ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్, లోహం కలిసి ఉంటాయి. మారుసాన్, బుల్‌మార్క్ కంపెనీల బొమ్మలు మెత్తటి వినైల్. 1950లు, 60ల నాటి హోరికావా, యోనెజావా, మసుదాయా కంపెనీల రోబోలు రంగులు అచ్చువేసిన రేకు. వీటిలో ఒకదానికి మందైనది ఇంకొకదానికి విషం.

లోహం మీద తెల్లటి పొడి

మా విశాఖలో నాకు ఎక్కువగా ఎదురయ్యే సమస్య ఇదే. రంగు లేచిన చోట, తొడ భాగాలు రెండూ కలిసే గీత వెంబడి, ముగ్గు పొడి రాలినట్టు సన్నగా తెలుపు కనిపిస్తుంది. గాలిలో తేమ, ఉప్పు తగిలి జింక్ పైపైన తుప్పు పట్టడమే దీనికి కారణం. మెత్తటి పొడి బ్రష్‌తో దులిపి, పొడి గుడ్డతో తుడవండి. రంగు పోయి లోహం బయటపడిన చోట మాత్రమే మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ అనే మైనం పల్చగా రాయండి. స్టిక్కర్ల మీదికి పోనివ్వకండి. ఇత్తడి బిందెలా తళతళలాడాలని చింతపండు, మెటల్ పాలిష్ పెట్టారంటే అసలు రంగు ఊడి వచ్చేస్తుంది. ఆ రంగే దాని విలువలో సగం.

అయితే ఒక్కటి జాగ్రత్తగా చూడండి. పొడితో పాటు వెంట్రుక సన్నటి పగుళ్లున్నా, లోహం ఉబ్బి భాగాలు బిగుసుకున్నా, మూలలు పెళుసుగా విరుగుతున్నా అది వేరే జబ్బు. దాన్ని జింక్ పెస్ట్ అంటారు. పోత పోసేటప్పుడు మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిస్తే, తేమ తగిలినకొద్దీ లోహం లోపలి నుంచే తినేసుకుంటుంది. ఇది ప్రధానంగా రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి పోత బొమ్మల జబ్బు. 1970ల చోగోకిన్‌లో పొడి కనిపిస్తే చాలాసార్లు అది పైతుప్పే, కాబట్టి టెన్షన్ పడకండి. జింక్ పెస్ట్‌కు మందు లేదు. పొడిగా ఉంచి వేగం తగ్గించడం ఒక్కటే మన చేతిలో ఉన్నది. పక్క బొమ్మకు మాత్రం అంటదు.

అల్మరాలో చిన్న తేమ మీటర్ పెట్టుకుని, సిలికా జెల్‌తో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూడండి. వర్షాకాలంలో జెల్‌ను తరచూ మార్చాల్సి వస్తుంది.

తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కింది

1982లో టకటోకు కంపెనీ తెచ్చిన 1/55 సైజు వాల్కిరీ, అంటే రోబోగా మారే విమానం బొమ్మ, మన దగ్గరికి వచ్చేసరికి ఒక రెక్క తెల్లగా, ఇంకొకటి పాత దంతం రంగులో ఉండటం మామూలే. ఏబీఎస్‌లో రబ్బరు గుణమిచ్చే భాగం వెలుతురు, వేడి, ఆక్సిజన్‌కు మారిపోతుంది. పెట్టెలోనే ఉన్నవి కూడా వేడికి పసుపెక్కుతాయి.

దీనికి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతారు. మెడికల్ షాపులో దొరికే 6 శాతం ద్రావణం చాలు. స్క్రూలు, స్ప్రింగులు, లోహ భాగాలు అన్నీ విప్పి పక్కన పెట్టండి. స్టిక్కర్, రంగు, మెరుపు పూత ఉన్న ముక్క ఏదీ ఇందులో మునగకూడదు. ముక్కను గాజు గిన్నెలో పూర్తిగా మునిగేలా ఉంచి ఎండలో పెట్టండి. గిన్నెకు మూత బిగించకండి, లోపల గ్యాస్ పుడుతుంది. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అరగంటకోసారి ముక్కను తిప్పకపోతే చారలు పడతాయి. మన మే నెల ఎండలో ఈ పని అస్సలు వద్దు, పల్చటి రెక్కలు వంగిపోతాయి. డిసెంబర్, జనవరి ఉదయాలు సరిపోతాయి.

నా మాట అడిగితే, బొమ్మంతా ఒకే తీరుగా లేత పసుపైతే దాన్ని అలాగే ఉంచండి. తెల్లబడిన ముక్క మళ్లీ పసుపెక్కవచ్చు, పదే పదే చేస్తే పెళుసవుతుంది. ఒక రెక్క ఒక రంగు, ఇంకో రెక్క ఇంకో రంగుగా ఉండి కంటికి గుచ్చుకుంటుంటేనే ఆ రిస్క్ తీసుకోవాలి.

బొమ్మ జిగటగా ఉంది, తగిలిన చోట కరిగిన గుర్తు పడింది

వినైల్‌ను మెత్తగా ఉంచడానికి కలిపిన నూనె లాంటి పదార్థం కాలం గడిచేకొద్దీ పైకి ఊరుతుంది. జిగట అందుకే. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి, మెత్తటి గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టండి. స్పిరిట్, థిన్నర్ వాడితే రంగు పోతుంది. తర్వాత బిగుతైన ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, ఊరినది పోయే దారి ఉండదు.

ఈ ఊరిన పదార్థమే పక్కనున్న గట్టి ప్లాస్టిక్‌ను కూడా కరిగిస్తుంది. మెత్తటి టైరు ఏళ్ల తరబడి ఆనుకుని ఉన్న పారదర్శక ప్లాస్టిక్ మీద నల్లటి గుంట పడుతుంది. ఆ గుంట ఇక పూడదు. కాబట్టి మెత్తటివీ గట్టివీ తగలకుండా మధ్యలో యాసిడ్ లేని కాగితం పెట్టండి.

దీని అన్నలాంటి సమస్య మన ఇళ్లలోనే ఉంది. మా అమ్మ పట్టుచీరల అరలో వేసినట్టే, బొమ్మల అరలో కూడా కలరా ఉండలు వేసింది. ఏడాది తర్వాత పెట్టె తెరిస్తే థర్మాకోల్ ట్రే అంచులు కుంగిపోయి, రోబో పడుకునే గుంత ఆకారమే మారిపోయింది. పారదర్శక ముక్క ఒకటి మసకబారింది. అమ్మది ప్రేమతో చేసిన పని, తప్పు నాదే, ముందే చెప్పాల్సింది. థర్మాకోల్ అంటే పాలిస్టైరీన్. నాఫ్తలీన్ ఆవిరి దాన్ని మెత్తబరుస్తుంది. పురుగుల భయముంటే పెట్టెను శుభ్రంగా, పొడిగా ఉంచండి. ఉండలు మాత్రం ఆ అల్మరా దరిదాపుల్లో వద్దు.

స్క్రూ రావడం లేదు, తల అరిగిపోతోంది

తుప్పు కంటే ముందు మీ స్క్రూడ్రైవర్‌ను అనుమానించండి. జపాన్ బొమ్మల్లో ప్లస్ గుర్తు స్క్రూలు చూడ్డానికి మన ఫిలిప్స్‌లాగే ఉంటాయి కానీ, జె.ఐ.ఎస్ అనే జపాన్ ప్రమాణం ప్రకారం చేసినవి. ఫిలిప్స్ మొన అందులో అడుగుదాకా కూర్చోదు, జారి తలను కొరికేస్తుంది. జె.ఐ.ఎస్ డ్రైవర్ కొనుక్కోండి, ఒక్కసారి పెట్టే ఖర్చు. ముందు లోపలికి నొక్కి, తర్వాత తిప్పండి. తుప్పు వదిలించే స్ప్రే ప్లాస్టిక్ బొమ్మ మీద కొట్టవద్దు. ఆ నూనెకు బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ పగులుతుంది. టూత్‌పిక్ మొనతో ఒక చుక్క, అదీ స్క్రూ లోహంలోకి దిగినచోట మాత్రమే.

బ్యాటరీ రోబో కదలడం లేదు

రేకు రోబో ఆగిన ప్రతిసారీ తప్పు బ్యాటరీదే అనుకోకండి, మోటార్ దగ్గర గ్రీజు గట్టిపడి కూడా ఆగిపోతుంది. కానీ మొదట చూడాల్సింది బ్యాటరీ గది. ఆకుపచ్చ, తెలుపు పొర కనిపిస్తే లోపల బ్యాటరీ కారిందన్నమాట. అప్పట్లో వాడిన జింక్-కార్బన్ బ్యాటరీ కారితే ఆమ్లం. దానికి వంటసోడా కలిపిన నీళ్లు దూది పుల్లతో తుడవాలి. తర్వాతి రోజుల్లో ఎవరో ఆల్కలైన్ బ్యాటరీ వేసి వదిలేసుంటే అది క్షారం. దానికి వెనిగర్. రెండింటికీ ఒకే మందు వాడితే ఉన్న సమస్య పెరుగుతుంది. తుడిచిన చోట తేమ మిగలకుండా ఆరనివ్వండి, అచ్చు రంగు ఉన్న పైరేకుకు చుక్క కూడా తగలనివ్వకండి. చూపించి అయ్యాక బ్యాటరీ తీసేయడం అలవాటు చేసుకోండి.

పిడికిలి ఎగరడం లేదు

మజింగర్ పిడికిలి బటన్ నొక్కితే ఎగరాలి. అది పెట్టినప్పుడల్లా లోపలి స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది. ఏళ్ల తరబడి అలాగే ఉంటే స్ప్రింగ్ బలం తగ్గుతుంది. స్ప్రింగును చేత్తో లాగి సాగదీయకండి. గొట్టంలో దుమ్ము, పాత గ్రీజు తీసి చూడండి, చాలావాటికి అదే చాలు. ఇకపై పిడికిళ్లు విడిగా దాచండి.

బంగారు రంగు ముక్క మట్టిలా విరిగింది

1980ల చివరి, 90ల నాటి కొన్ని బొమ్మల్లో మెరుపు పొడి కలిపిన బంగారు రంగు ప్లాస్టిక్ దానంతట అదే పెళుసవుతుంది. 1988 నాటి టకారా బ్లాక్ జరాక్ ఇందుకు పేరుమోసింది. జిగురుతో అతికించినా పక్కనే విరుగుతుంది. అలాంటి బొమ్మ కీళ్లను ఇక కదపకండి, ఒకే భంగిమలో ఉంచండి.

కొన్న తర్వాత అసలుదో కాదో అనుమానం

టోక్యోలోని నకానో బ్రాడ్‌వేలో మండరాకే లాంటి పాత సామాన్ల దుకాణంలో కొన్నా, ఏజెంటు ద్వారా జపాన్ వేలంలో కొన్నా, ‘జంక్’ అన్న మాట చూస్తే పనిచేస్తుందన్న హామీ లేదని అర్థం. తర్వాత పేరు చూడండి. పోపీ 1983లో బందాయ్ కంపెనీలో కలిసిపోయింది కాబట్టి, 1974 బొమ్మంటూ పెట్టె మీద బందాయ్ పేరే ఉంటే ఆగండి. 1997లో బందాయ్ మొదలుపెట్టిన సోల్ ఆఫ్ చోగోకిన్ వరుసలోది మంచి బొమ్మే, పాతది మాత్రం కాదు. మరీ ఎక్కువగా మోసపోయేది పిడికిళ్ల దగ్గర. పోయినవాటి బదులు కొత్తగా చేసినవి పెట్టి అమ్ముతారు. రంగు కాస్త తేడాగా, అంచుల్లో అచ్చు గీతలు మొద్దుగా ఉంటాయి. డబ్బు కట్టకముందే పిడికిలి లోపలి వైపు ఫోటో అడగండి. ఇవ్వడానికి సాకులు చెబితే ఆ బొమ్మను వదిలేయండి.