టీవీలో బొమ్మ బాగుంది, సౌండ్‌బార్ మాత్రం పలకదు: హెచ్‌డీఎంఐ సమస్యలు, పరిష్కారాలు

కొత్త టీవీ గోడకెక్కింది. కింద కడప బండ పరిచిన గూట్లో సౌండ్‌బార్ పెట్టారు. బొమ్మకు వంక పెట్టడానికి లేదు, కానీ పాట టీవీ స్పీకర్లలోంచే వస్తోంది. షాపులో అడిగితే "మీది పాత కేబుల్, హెచ్‌డీఎంఐ 2.1 తీసుకోండి" అంటారు. కర్నూలు వాళ్లు హైదరాబాదు నుంచీ, అనంతపురం వాళ్లు బెంగళూరు నుంచీ ఖరీదైన కేబుల్ తెప్పించుకుంటారు. అది తగిలించినా చప్పుడు రాదు. కొత్త కేబుల్‌కు డబ్బు పెట్టే ముందు ఈ వరసలో చూసుకోండి.

ముందు చూడాల్సినవి

టీవీ వెనక హెచ్‌డీఎంఐ (బొమ్మనూ సౌండునూ ఒకే కేబుల్‌లో పంపే పద్ధతి) పోర్టులు మూడో నాలుగో ఉంటాయి. సౌండును సౌండ్‌బార్‌కు పంపేది మాత్రం సాధారణంగా ఒక్కటే. దాని పక్కన ఆర్క్ అనో, దాని మెరుగైన రూపమైన ఈ-ఆర్క్ అనో అచ్చేసి ఉంటుంది. సౌండ్‌బార్ వైపు ఇంకా ఎక్కువ మంది పొరబడతారు. సౌండ్ లోపలికి రావాలి కదా అని "ఇన్" పోర్టులో గుచ్చుతారు. అది సెట్‌టాప్ బాక్సు లాంటివాటికి. టీవీ నుంచి వచ్చే కేబుల్ "అవుట్" లేదా "టీవీ ఆర్క్" అని రాసి ఉన్నదాంట్లోకే పోవాలి. ఇది రాసీ రాసీ విసుగొస్తోంది గానీ, చాలా ఇళ్లలో కథ ఇక్కడే తేలిపోతుంది.

ఆర్క్ పనిచేయాలంటే టీవీలో సీఈసీ, అంటే ఒక రిమోట్ మాటను రెండో పరికరానికీ చేరవేసే సౌకర్యం, ఆన్‌లో ఉండాలి. మెనూలో ఆ పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు. సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్ అని ఉంటుంది. అది ఆన్ చేసి, సౌండ్ అవుట్‌పుట్‌లో టీవీ స్పీకర్ తీసేసి సౌండ్‌బార్‌ను ఎంచుకోండి. డిజిటల్ ఆడియో ఫార్మాట్‌ను పీసీఎంకు (కుదించని సాదా సౌండ్) మార్చండి. అందులో వచ్చేది స్టీరియోనే, కానీ పరీక్షకు అది చాలు.

తర్వాత రెండింటినీ గోడ స్విచ్చి దగ్గర ఆపి రెండు నిమిషాలు ఆగండి. రిమోట్‌తో ఆపితే లెక్కలోకి రాదు. టీవీ ఇన్వర్టర్ లైను మీద, సౌండ్‌బార్ మామూలు కరెంటు మీద ఉన్న ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. కరెంటు పోయినప్పుడు ఒకటి ఆగుతుంది, ఇంకోటి నడుస్తూనే ఉంటుంది. కరెంటు వచ్చాక రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టవు. రెండింటినీ ఒకే లైను మీదకు మార్చుకుంటే ఈ తలనొప్పి తప్పుతుంది.

వాల్యూమ్ అంకె కదులుతుంది, చప్పుడు మాత్రం రాదు

అసలు మోసం ఇక్కడుంది. టీవీ ఆన్ చేయగానే సౌండ్‌బార్ తనంతట తానే వెలుగుతుంది. టీవీ రిమోట్ నొక్కితే బార్ మీద అంకె మారుతుంది. బొమ్మ ఎటూ బాగానే ఉంది. ఇన్ని పనిచేస్తున్నాయంటే కేబుల్ మంచిదేనని తీర్మానించుకుని టీవీని రీసెట్ చేస్తారు, సౌండ్‌బార్‌ను సర్వీసుకు పంపుతారు. తప్పు చాలాసార్లు కేబుల్‌లోనే ఉంటుంది.

హెచ్‌డీఎంఐ ప్లగ్గులో 19 పిన్నులు. 1 నుంచి 12 దాకా బొమ్మ, దాంతోపాటు టీవీకి వెళ్లే సౌండ్. 13వది సీఈసీ, అంటే రిమోట్ మాట మోసేది. టీవీ నుంచి సౌండ్‌బార్‌కు తిరిగొచ్చే సౌండ్ 14వ పిన్ను మీద నడుస్తుంది. కాబట్టి 13 బాగుండి 14 తెగితే సరిగ్గా పైన చెప్పిన లక్షణమే కనబడుతుంది: అంకె కదులుతుంది, చప్పుడు ఉండదు.

2009లో హెచ్‌డీఎంఐ 1.4 వచ్చేదాకా 14వ పిన్నుకు పనే లేదు, ముందుచూపుతో ఖాళీగా ఉంచారు. ఆర్క్ వచ్చినప్పుడు ఆ పని దానికి అప్పగించారు. వాడుకలో లేని తీగ ఎందుకని చౌక కేబుళ్లు కొన్నింటిలో అది వేయనే వేయరు. బొమ్మకు దాంతో పని లేదు గనక ఆ లోపం ఏళ్ల తరబడి బయటపడదు.

కేబుల్ మంచిదైనా గోడలో పాడవుతుంది. కొత్త మిద్దెల్లో కన్సీల్డ్ వైరింగుకు 20, 25 మిల్లీమీటర్ల పైపులు వేస్తారు. హెచ్‌డీఎంఐ ప్లగ్గు ప్లాస్టిక్ తొడుగుతో కలిపి సుమారు 20 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది. పైపు వంపు దగ్గర అది దూరదు. దూరకపోతే కొందరు ప్లగ్గు కోసేసి, తీగ లాగి, అవతల కొత్త ప్లగ్గు అతికిస్తారు. బొమ్మ రాగానే పని అయిపోయిందనుకుంటారు. ఆ అతుకులో 14 కలిసిందా లేదా ఎవరూ చూడరు. గోడ మీద పెట్టే హెచ్‌డీఎంఐ సాకెట్లు, రెండు కేబుళ్లను కలిపే జాయింట్లు, స్ప్లిట్టర్లు, క్యాట్‌6 వైరు మీద నడిచే ఎక్స్‌టెండర్లు కూడా ఇదే కోవలోవి. వీటిలో చాలావాటికి ఆర్క్ దాటించే ఏర్పాటు ఉండదు.

పరీక్ష ఇలా చేయండి. గోడలోని కేబుల్‌ను రెండు వైపులా తీసేయండి. సౌండ్‌బార్‌ను ఒక స్టూలు మీద టీవీ దగ్గరకు తెచ్చి, దాని డబ్బాలో వచ్చిన పొట్టి కేబుల్‌తోనే టీవీ ఆర్క్ పోర్టుకు కలపండి. ఫార్మాట్ పీసీఎం, సౌండ్‌బార్ ఇన్‌పుట్ "టీవీ". రెండింటినీ మళ్లీ గోడ స్విచ్చి నుంచి ఆపి వేయండి. ఇప్పుడు పలికితే దొంగ గోడలో ఉన్నాడు. పలకకపోతేనే సర్వీసు మాట ఎత్తండి. మల్టీమీటరు ముల్లు పెట్టి పిన్నులు కొలవబోకండి, అవి మరీ దగ్గరగా ఉంటాయి, పక్కదాన్ని తాకేస్తుంది. ఒక్కో పిన్నుకు ఒక్కో లైటు వెలిగే హెచ్‌డీఎంఐ కేబుల్ టెస్టర్లు ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంటే 14వ లైటు చూడమనండి.

బాగుచేయడానికి గోడ పగలగొట్టక్కర్లేదు. అన్నిటికన్నా తేలిక దారి సౌండును వెలుగు రూపంలో పంపే ఆప్టికల్ కేబుల్. దాని ప్లగ్గు చిన్నది, అదే పైపులో దూరుతుంది, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. టీవీ ఆన్ చేసి అవతలి కొసను చూస్తే ఎర్రటి వెలుగు కనబడాలి. కనబడిందంటే కేబుల్ బాగున్నట్టే. వంపుల దగ్గర మడతపడకుండా లాగండి, లోపలి ప్లాస్టిక్ తీగ విరిగితే అతకదు. ఆప్టికల్‌లో డాల్బీ డిజిటల్ 5.1 (చుట్టూ వినిపించే సౌండ్) దాకా వస్తుంది, పైనుంచి కూడా వినిపించే డాల్బీ ఆట్మాస్ రాదు. సీఈసీ కూడా ఉండదు గనక వాల్యూమ్‌కు చాలాసార్లు సౌండ్‌బార్ రిమోటే వాడాలి. ఆట్మాస్ కావాలనుకుంటే పాత కేబుల్ కొసకు నైలాన్ తాడు కట్టి బయటికి లాగండి, ఆ తాడుతో అతుకులేని కొత్త కేబుల్‌ను లోపలికి లాగండి. ప్లగ్గు పైపులో పట్టకపోతే గోడ మీద పట్టీ వేసి పైనుంచి తీసుకెళ్లండి. చూపుకు కొంచెం తగ్గినా మళ్లీ కోసి అతికించడం కన్నా అదే మేలు. ఇల్లు ఇంకా కడుతుంటే టీవీ గోడకు 40 మిల్లీమీటర్ల పైపు వేయించి, లోపల తాడు వదిలేయమని ఇప్పుడే చెప్పండి.

ఇంకో మెలిక ఉంది. ఈ-ఆర్క్ 14, 19 పిన్నులు రెండింటినీ జంటగా వాడుతుంది. టీవీలో ఈ-ఆర్క్ ఆపేస్తే సౌండ్ వచ్చి, ఆన్ చేస్తే తెగితెగి వస్తుంటే ఆ జంట తీగల్లో, అంటే అతుకులోనో కేబుల్‌లోనో లోపముందని అనుమానించండి. కొత్త కేబుల్ దొరికేదాకా ఈ-ఆర్క్ ఆపి వాడుకోవచ్చు.

4కేలో బొమ్మ మెరుపులు వేస్తుంది, రెండు క్షణాలు నల్లబడుతుంది

సెట్‌టాప్ బాక్సు 1080పీతో సరిగా ఉండి, 4కే బాక్సు పెట్టగానే చుక్కలు మెరిస్తే కేబుల్ మోసే శక్తి చాలడం లేదు. 4కేను సెకనుకు 60 ఫ్రేములతో మోయడానికి 18 జీబీపీఎస్ (సెకనుకు గిగాబిట్లు) దాకా కావాలి. బాక్సు సెట్టింగుల్లో 4కే 30కి దించండి. మెరుపులు ఆగితే కేబుల్ మార్చండి. రాగి కేబుల్ ఈ వేగానికి అయిదు మీటర్లు దాటితే నమ్మలేం. అంతకు మించితే ఫైబర్ హెచ్‌డీఎంఐ తీసుకోండి. దానికి దిక్కు ఉంటుంది. "సోర్స్" అన్న కొస బాక్సుకు, "డిస్‌ప్లే" అన్నది టీవీకి. తిరగేసి గోడలో లాగితే బొమ్మే రాదు, పని మొదటికొస్తుంది. దాంతోనే ఆర్క్ కూడా కావాలంటే ఆర్క్ మోస్తుందని డబ్బా మీద రాసి ఉందో లేదో చూసే కొనండి.

మెరుపులు లేకుండా రంగులు మాత్రం వెలసినట్టుంటే టీవీలో ఆ పోర్టు పాత పద్ధతిలో ఉండొచ్చు. సామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో డీప్ కలర్, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అన్న సెట్టింగు చూడండి. ఒక్కో పోర్టుకు విడిగా ఆన్ చేయాలి.

ఏ కేబుల్ కొనాలి

హెచ్‌డీఎంఐ వెర్షన్లు చూస్తే 2002లో మొదటిది, 2009లో 1.4, 2013లో 2.0, 2017లో 2.1, 2025లో 2.2. ఇలా నంబర్లు మారుతుంటే జనానికి కోపం రావడం న్యాయమే. పైగా 2.1 అని రాసుకున్న ప్రతి టీవీలోనూ 2.1 సౌకర్యాలన్నీ ఉండాలన్న నియమం కూడా లేదు. అందుకే కేబుల్ డబ్బా మీద నంబరు వదిలేసి పేరు చదవండి. ప్రీమియం హైస్పీడ్ అంటే 18 జీబీపీఎస్, 4కే సినిమాలకు అది చాలు. అల్ట్రా హైస్పీడ్ అంటే 48, సెకనుకు 120 ఫ్రేముల ఆటలుంటేనే కొనండి. రెండింటికీ స్కాన్ చేయగల సర్టిఫికేషన్ లేబుల్ ఉండాలి. లేబుల్ లేకుండా "8కే, 2.1" అని మాత్రమే అచ్చేసిన డబ్బాను ముట్టుకోకండి. 2.2 కోసం వచ్చిన 96 జీబీపీఎస్ కేబుల్‌తో ఇప్పుడు ఇంట్లో పనేమీ లేదు.

మిగతావి

పాత ఏవీ రిసీవర్ (బొమ్మనూ సౌండునూ పంచే ఆంప్లిఫయర్) మధ్యలో ఉండి 4కే సినిమా నల్లగా వస్తే దానికి హెచ్‌డీసీపీ 2.2 (నకలు తీయకుండా కాపాడే తాళం) లేదని అనుమానించండి. బాక్సును నేరుగా టీవీకి పెట్టి, సౌండ్‌ను ఆర్క్‌తోనో ఆప్టికల్‌తోనో రిసీవర్‌కు పంపండి. పెదవులకూ మాటకూ పొత్తు కుదరకపోతే ఆడియో డిలే సరిచేయండి. ఉరుముల వానలో పిడుగు పడ్డాక ఒక పోర్టు పూర్తిగా చచ్చిపోతే బోర్డు పోయినట్టే, మెకానిక్‌కు చూపించాలి. గేమింగ్ కన్సోల్ కొనే ఆలోచన ఉంటే టీవీ తీసుకునే ముందే 4కే 120 పోర్టులు ఎన్నో, అందులో ఒకటి ఈ-ఆర్క్ పోర్టేనేమో అడగండి. చాలా మోడళ్లలో అలాంటివి రెండే ఉంటాయి. సౌండ్‌బార్ ఒకదాన్ని పట్టుకుంటే కన్సోల్‌కు మిగిలేది ఒక్కటే.