ఎల్ఈడీ వెలుగు కళ్లలో గుచ్చుతోందా?

ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టి పగడాలు పెంచేవాళ్లకి ఒక చిన్న మాట. మా ఇల్లు చెన్నైలో. సోఫాలో కూర్చుంటే ట్యాంకు మీది ఎల్ఈడీ లైటు సూటిగా కళ్లలో గుచ్చుకునేది. పైగా ఇసుక మీద నీలం, ఎరుపు మరకలు డిస్కోలా ఊగేవి. వేరువేరు రంగుల చిన్న బల్బులు విడివిడిగా వెలగడం వల్ల వచ్చే తంటా అది.

దీనికి మందు, లైటు కింద వెలుగును చెదరగొట్టే ఒక షీటు పెట్టడం. సైన్‌బోర్డులు చేసే షాపులో 3 మి.మీ. ఫ్రాస్టెడ్ అక్రిలిక్ (మసక గాజులా ఉండే ప్లాస్టిక్) ముక్క కోయించుకోండి. పాలలా తెల్లగా ఉండేది వద్దు, వెలుగంతా అదే తినేస్తుంది. కొనేముందు లైటు కింద ఒక్క నిమిషం ట్రేసింగ్ పేపర్ పట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. షీటును లైటుకి అంటించకుండా రెండు మూడు అంగుళాల కింద వేలాడదీయండి. ఆ దూరంలోనే రంగులు కలుస్తాయి, లైటుకి గాలీ ఆడుతుంది. మన చెన్నై ఎండల్లో నీళ్లను 26 డిగ్రీల దగ్గర నిలబెట్టడమే గగనం, లైటు వేడి కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు!

షీటు పెట్టాక వెలుగు తగ్గింది కదా అని వెంటనే పవర్ పెంచేయకండి. పగడాల రంగు చూసుకుంటూ వారానికి కాస్త చొప్పున పెంచండి. ఒక్కసారిగా ఎక్కువైతే వాటి లోపల బతికే నాచు బయటికి పోయి పగడం తెల్లబడిపోతుంది.

షీటు మీద ఉప్పు పేరుకుంటుంది. లైటు ఆపి, ఆర్‌ఓ నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. నేను పొడిగుడ్డతో రుద్ది మొదటి షీటంతా గీతలు చేసుకున్నాను.